కైలాసం ఎవరికీ ఫోన్ చేయడు

"సారూ, జర మీ ఫోన్ ఇస్తరా? ఒక్క ఫోన్ చేసుకుంట."

అడిగిన మనిషి చేతిలో ఫోన్ ఉంది. మామూలుది కాదు, అరచేతిలో పట్టక రెండు పక్కలా పొడుచుకొచ్చేంత పెద్దది. అద్దం పగల్లేదు, చార్జి నిండుగా ఉంది. వాన తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరుకు తాడు కట్టి, మెడలో తాయెత్తులా వేసుకున్నాడు.

"మీ మెడలో ఉంది కదయ్యా?" అన్నాను.

"ఇది ఫోన్ చేసెతందుకు గాదు సారూ."

నిర్మల్ నుంచి లక్షెట్టిపేట పోయే బస్సు కడెం దాటి అడవిలో పడింది. నేను బాసర నుంచి వస్తున్నాను. అక్షరాభ్యాసానికి తెచ్చిన పిల్లలందరూ ఒక్కసారిగా ఏడ్చే ఆ ఏడుపు వినడానికి ఏడాదికొకసారైనా అక్కడికి పోతుంటాను. చదువంటే ఏమిటో మనిషికి అంత స్పష్టంగా తెలిసేది ఆ ఒక్క గంటే అని నా అభిప్రాయం. తర్వాత అలవాటు పడిపోతాడు. సరే, అది వేరే ముచ్చట. అద్దాల మీద వాన చర్నాకోలతో కొట్టినట్టు కొడుతోంది. వెనక చక్రం మీది సీటు మాది. గుంత వచ్చినప్పుడల్లా ఇద్దరం కలిసి లేచి కలిసి కూర్చుంటున్నాం. అలా నాలుగుసార్లు లేస్తే ఎంత కొత్తవాళ్లయినా చుట్టాలైపోతారు.

నా ఫోన్ తీసి చూపించాను. టేకు చెట్ల మధ్య సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు.

"సిగ్నల్ వచ్చినంకనే ఇయ్యుండ్రి. మా అక్కకు చెయ్యాలె. నా నంబరు బ్లాకుల వెట్టింది."

"మరి మిగతావాళ్లకు మీ ఫోన్ నుంచే చేస్తారా?"

"మిగితోళ్లకు అసలే చెయ్యరాదు సారూ. నేను ఫోన్ చేస్తే ఊరు లేచి ఉరుకుతది."

చెప్పిన తీరు బడాయిలా లేదు. మోకాలి నొప్పి గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆయన పేరు కైలాసం. వయసు యాభై దాటి ఉంటుంది. లక్షెట్టిపేట అవతల గోదావరి ఒడ్డున ఒడ్డుపల్లె ఆయన ఊరు. గోదావరిని అక్కడ గంగ అంటారు. ఊళ్లో సాటింపు ఆయన పని. పంచాయతీ వాళ్లు నల్లా బిల్లు కట్టమన్నా, పశువుల డాక్టరు వచ్చినా, ఎవరి మేక తప్పిపోయినా డప్పు కొట్టి చెప్పాలి. ఆయన బాపూ అదే చేశాడు. తల్లి చిన్నప్పుడే పోతే, అక్క శంకరవ్వ చంకన వేసుకుని పెంచింది.

"మూడేండ్ల కింద గంగ ఊళ్లెకొచ్చింది సారూ," అంటూ మొదలుపెట్టాడు. సిగ్నల్ లేని అడవి పొడుగైనది కాబట్టి నేనూ తొందరపెట్టలేదు.

డప్పు మంటకు కాగితేనే మోగుతుంది. గడ్డి మంటేసి, తోలు బిగిసేదాకా అటూ ఇటూ తిప్పి కాచాలి. వానలో మంటెక్కడిది? ఆ రోజు తెల్లారి నీళ్లు పొలాలు దాటి వస్తుంటే కైలాసం తడిసిన డప్పు మెడలో వేసుకుని వాడవాడా ఉరికాడు. తడిసిన డప్పును కొడితే నానిన గోనెసంచిని కొట్టినట్టుంటుందట. గొంతు చించుకున్నాడు. గాలి ఆ గొంతును పట్టుకుని అటువైపు ఒడ్డుకు తీసుకుపోయింది. అటువైపు ఊరివాళ్లు విని గుట్టెక్కారు కూడా. సొంత ఊరివాళ్లకు మాత్రం మంచాల కిందికి నీళ్లొచ్చాకనే తెలిసింది. మనుషులకేమీ కాలేదు గానీ శంకరవ్వ బర్రె కొట్టుకుపోయింది. తమ్ముడితో ఆమె ఒక్క మాటే అన్నది: "నీ డప్పు నాకు ఇనవడలేదురా."

ఆ మాట కైలాసానికి ముల్లులా దిగింది.

నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో రాజులు కొండ మీది నుంచి కొండ మీదికి మంటలు వేసి కబురు పంపేవారని ఉంటుంది. వానాకాలంలో ఏం చేసేవారో ఎవరూ రాయలేదు. బహుశా వానాకాలం యుద్ధాలకు సెలవనుకుంటాను. వరదకు ఆ మర్యాద తెలియదు. ఎప్పుడు గొంతు కావాలో అప్పుడే డప్పుకు జలుబు చేస్తుంది. మనుషులు పుట్టినప్పటి నుంచీ ఉన్న ఈ చిక్కును విప్పింది ఒడ్డుపల్లె కైలాసమేనని నాకు నమ్మకం కలిగింది.

ఎండాకాలంలో, మాంచి ఎండలో, బడి ముందు గడ్డి మంటేసి డప్పును నిప్పులా కాచి, తన సాటింపును ఫోన్‌లో రికార్డు చేయించాడు. చేసింది అంగన్వాడీ టీచరు పద్మలత. మొదటిసారి నడుమ కోడి కూసింది. రెండోసారి మామిడిపండ్ల ఆటో వచ్చింది. మూడోసారి బాగా కుదిరింది. ఆ రికార్డును పద్మలత ఇల్లిల్లూ తిరిగి అందరి ఫోన్లలో పెట్టింది. కైలాసం నంబరు నుంచి ఫోన్ వస్తే ఆ గొంతే మోగాలి. ఇంకెవరు చేసినా మామూలు పాటే. వాడకు ఒక్క ఫోన్ మోగినా చాలు, వాడంతా వినబడుతుంది.

"ఇంటరా సారూ?" అని అడిగి, నేను ఊ అనేలోపే మెడలోని ఫోన్‌ను నొక్కాడు.

డప్పు మోగింది. బస్సు రేకులు అదిరాయి. "ఇనుండ్రి... ఇనుండ్రి... గంగమ్మ ఎక్కుతున్నది... ఆడోళ్లు మొగోళ్లు, పిల్లా జెల్లా, గొడ్డూ గోదా, ఎక్కడియక్కడ ఇడిసి నర్సన్నగుట్ట ఎక్కుండ్రి... ఇనుండ్రి..."

డ్రైవర్ బ్రేకు వేశాడు. ముందు సీట్లో నిద్రపోతున్న ముసలమ్మ మేలుకుని నేరుగా కిటికీలోంచి కాలు బయట పెట్టింది. కండక్టర్ మమతారాణి టికెట్ల మిషను గుండెకు అదుముకుని, "ఎవలయ్యా గది?" అని కేకేసింది. సరిగ్గా అప్పుడు డప్పు ఆగి, అదే గొంతు మెల్లగా, మర్యాదగా అడిగింది: "అయిపాయెనా టీచరమ్మా?"

ఆ ఆఖరి మాట పొరపాటున రికార్డయింది. తీసేద్దామంటే పద్మలతకు తీయడం రాలేదు. అట్లాగే ఉండిపోయింది. ఊళ్లో పిల్లలు ఇప్పటికీ అన్నం తినడం అయిపోతే "అయిపాయెనా టీచరమ్మా" అని లేస్తారట.

ముసలమ్మ కాలు లోపలికి తీయించి, మమతారాణి చేత నాలుగు తిట్లు తిని, కైలాసం మళ్లీ నా పక్కన కూర్చున్నాడు. పద్మలత పెట్టిన నియమాలు రెండు. ఊరివాళ్లు ఆ ఫోన్ ఎత్తరాదు, ఎత్తితే గొంతు ఆగిపోతుంది. కైలాసం గంగ వచ్చినప్పుడు తప్ప ఎవరికీ ఫోన్ చేయరాదు. పెండ్లానికి కూడా.

"ఇంట్లోవాళ్లకు కూడానా?"

"మా లింగవ్వ ధర్మపురి అంగట్ల చింతపండు తెమ్మన్నదా, ఎల్లిగడ్డ తెమ్మన్నదా యాదికుండది సారూ. అడుగుదామంటే ఫోన్ చెయ్యరాదాయె. రెండూ తెస్త. రెండూ కాదంటది."

ఊళ్లో అందరి నంబర్లూ ఆయన దగ్గర ఉన్నాయి. అందరి జేబుల్లో ఆయన గొంతు ఉంది. మాట్లాడడానికి మాత్రం ఎవరూ లేరు. ఒక మనిషి తానై ఎవరికీ ఫోన్ చేయడని తెలిస్తే, కొన్నాళ్లకు ఆ మనిషికి కూడా ఎవరూ చేయరు. ఇది నేను కైలాసం దగ్గర నేర్చుకున్న సంగతి. ఇంతకుముందు ఎక్కడా చదవలేదు.

"మరి అక్క ఎందుకు బ్లాక్ చేసింది?"

కైలాసం కిటికీ వైపు తిరిగాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నాడు.

రెండేళ్ల కింద శంకరవ్వ బిడ్డ పెండ్లి. పెండ్లికొడుకుది హుస్నాబాద్. నడి ఎండాకాలం. గంగలో ఇసుక తప్ప ఏమీ లేదు. అటువైపు ఊరివాళ్లు చెప్పులు వేసుకునే నడిచొచ్చారు పెండ్లికి. శంకరవ్వ కొడుకు నరేశ్ మస్కట్‌లో పనిచేస్తాడు, సెలవు దొరకలేదు. వీడియోలో చెల్లె పెండ్లి చూస్తానన్నాడు. అందుకని శంకరవ్వ తన ఫోన్‌ను పంతులు మైకుకు ఆనించి నిలబెట్టింది. కైలాసం పూలదండలు తేవడానికి ధర్మపురి పోయాడు. తడి దండలను గుండెకు హత్తుకుని ఆటోలో వస్తున్నాడు. అంగీ జేబులో ఫోన్. తడి పూలు ఏం నొక్కాయో ఏమో, ఫోన్ శంకరవ్వకు పోయింది. మైకులోంచి కైలాసం గొంతు ఊరంతటా మోగింది. ఎక్కడియక్కడ ఇడిసి నర్సన్నగుట్ట ఎక్కుండ్రి.

ఊరంతా ఎక్కింది. నెత్తిన జీలకర్ర బెల్లంతో పెండ్లికూతురు ఎక్కింది. పంతులు పుస్తె పట్టుకుని ఎక్కాడు. హుస్నాబాద్ వాళ్లకు పాపం గుట్ట ఎటుందో తెలియదు. అందరూ ఒక్కటై గంగలోకే ఉరికారు. నడి ఇసుకలో నిలబడి, "గంగ ఏది? గంగ ఏది?" అని ఒకరినొకరు అడుగుతున్నారట. వాళ్లను తోలుకొచ్చి గుట్టెక్కించేసరికి లగ్గం దాటింది. పుస్తె గుట్ట మీదే కట్టారు. మస్కట్ నుంచి నరేశ్ వీడియోలోకి వచ్చి చూస్తే, ఖాళీ పందిరి, అక్షింతలు తింటున్న కోళ్లు.

"ఒక్క చుక్క నీళ్లు లేని గంగకు ఊరంతా భయపడి ఉరికింది సారూ," అన్నాడు కైలాసం. గొంతులో గర్వం దాగలేదు. "గంత మంచిగ పన్జేసిందన్నట్టు. నేను గదే మాట అక్కతోటి అన్న. అనకుంటే అయిపోవు."

శంకరవ్వ ఆ రోజే బ్లాక్ చేసింది. రాఖీ కట్టడం మానేసింది. వరద భయానికి ఊరంతా కాస్త ఎత్తున్న గడ్డ మీది కొత్త ఇండ్లకు పోతే, ఆమె మాత్రం గంగ పక్కన పాత ఊళ్లోనే ఒక్కతే ఉండిపోయింది. వాడ ఫోన్లు అక్కడికి వినబడవు. పంచాయతీ వాళ్లు కూడా పిలిచి, ఇంకొకసారి వట్టిగా ఉరికిస్తే నీ గొంతు అందరి ఫోన్లలోంచి తీసేస్తామని తేల్చిచెప్పారు.

అప్పటి నుంచి కైలాసం ఫోన్‌లో వచ్చే ఏ వార్తనూ నమ్మడు. చినుకు పడితే చాలు, వాట్సాప్‌లో ఎక్కడో గేట్లెత్తిన వీడియోలు వస్తాయి. పోయినేడువి కొన్ని, పక్క రాష్ట్రానివి కొన్ని, ఒకటైతే సినిమాది. అందుకని ఎగువన వాన గట్టిగా పడిన ప్రతిసారీ బస్సెక్కి పైకి పోయి, ప్రాజెక్టు గేట్లను తన కళ్లతో చూసి వస్తాడు. ఈ పొద్దూ అందుకే పోయాడు.

"ఎన్ని గేట్లెత్తారు?"

"లెక్క వెట్టలే సారూ. సప్పుడు ఇన్న. గా సప్పుడు నాకు తెలుసు." నవ్వు పోయింది. "పొద్దూకేలోపట ఊరికొస్తది. కని ఊళ్లె వాన లేదు. పొద్దున నేను ఎల్లేటప్పటికే ఎండ కొడ్తున్నది. ఎండల గంగ వస్తున్నదంటే ఎవడు నమ్ముతడు? మా అక్క నమ్ముతదా?"

ఇంతలో బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా పెద్ద టేకు చెట్టు పడి ఉంది. అవతల జన్నారం వైపు నుంచి వచ్చిన ఆటోలు ఆగి ఉన్నాయి. అందరం దిగాం. వాన సన్నబడింది. రోడ్డు అక్కడ చిన్న మిట్ట ఎక్కుతుంది. మిట్ట మీదికి చేరామో లేదో, అందరి ఫోన్లూ ఒక్కసారే అరిచాయి.

రింగు కాదు. అంబులెన్సూ నక్కా కలిసి అరిచినట్టు. సర్కారు వారి హెచ్చరిక. గోదావరి తీర ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలని ఒకావిడ పరాయి గొంతుతో చదువుతోంది. ఒకాయన ఫోన్ పేలుతుందని గడ్డిలోకి విసిరాడు. ముసలమ్మ తన ఫోన్‌ను కొంగులో చుట్టి దాని మీద కూర్చుంది. మిగతావాళ్లు ఎక్కడ నొక్కితే ఆగుతుందో వెతికి, నొక్కి, హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఏం చెప్పిందో ఎవరూ చదవలేదు.

"సర్కారు గూడ సాటింపు ఏస్తున్నది," అన్నాడు కైలాసం, తోటి పనివాడి మీద జాలితో. "కని ఏం లాభం? ఎవల గొంతో తెల్వది."

మాట ప్రకారం నా ఫోన్ ఇచ్చాను. అక్క నంబరు నోటికి వచ్చు. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. తెలియని నంబర్లు ఎత్తితే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని ఆ ఊళ్లో అందరికీ చెప్పి తిరిగింది తానేనట, పోయిన ఏడు, డప్పు కొట్టి.

"నా సాటింపు ఇన్నది ఇదొక్కటే," అన్నాడు.

నా ఫోన్ నా చేతిలో పెట్టి, తన మెడలోని ఫోన్‌ను కవరులోంచి తీశాడు. ఇది వట్టిదైతే ఆయన గొంతు ఊళ్లో చచ్చిపోయినట్టే. నిజమై, చేయకపోతే? దేవుడికి మొక్కినట్టు ఫోన్‌ను కండ్లకద్దుకుని నొక్కాడు. రెండేళ్లలో ఆ నంబరు నుంచి ఆయన చేసిన మొదటి ఫోన్ అది.

"హలో," అంది అవతలి గొంతు.

"ఎత్తకురా! సదానందం, ఎందుకెత్తినవ్‌రా? కట్ చెయ్!"

"నిజంగనా, వట్టిగనా? అడుగుదామని ఎత్తిన." సదానందం ఊళ్లో కిరాణా దుకాణం నడుపుతాడు. "ఈడ ఎండ కొడ్తున్నదే కైలాసం. బట్టలారేసినం."

"నిజమేరా! పెట్టెయ్, మోగనియ్యి!"

కట్ చేసి మళ్లీ చేశాడు. "ఇను" అన్నంత సేపు మోగి ఉంటుంది, మళ్లీ ఎత్తాడు. "ఒట్టు?" అన్నాడు. కుమ్మరివాడకు చేస్తే వాళ్లూ ఎత్తారు. సాలోళ్ల వాడకు చేస్తే వాళ్లూ. అందరిదీ ఒకటే ప్రశ్న. పెండ్లి రోజు ఉరికిన కాళ్లు అందరికీ గుర్తున్నాయి. ఎత్తరాదన్న నియమం పెట్టిందే గొంతు ఆగకుండా ఉండడానికి. గొంతు మీద నమ్మకం లేక అందరూ ఎత్తుతున్నారు.

కైలాసం నా వైపు తిరిగాడు. "సారూ, ఏం జేద్దు?"

నేను చదివినవన్నీ తిరగేసుకున్నాను. ఏమీ దొరకలేదు. "మీరే చెప్పండి, నోటితో," అన్నాను. గొప్ప సలహా ఏమీ కాదు.

మళ్లీ సదానందానికి చేశాడు. "స్పీకరు పెట్టి బయటికి పట్టు," అన్నాడు. ఫోన్ నాకిచ్చి తన నోటి ముందు పట్టుకోమన్నాడు. డప్పు లేదు. చుట్టూ చూసి, బస్సు వెనక రేకు దగ్గరికి పోయి, రెండు చేతులతో దరువు వేశాడు. ఆ రేకు అంత బాగా మోగుతుందని ఆర్టీసీకి కూడా తెలిసి ఉండదు. "ఇనుండ్రి... ఇనుండ్రి..." అని ఎత్తుకున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. అడవిలో నెమళ్లు బదులిచ్చాయి. మా వెనక ఏదో సవ్వడైతే చూశాను. ప్రయాణికులు చీరలు ఎత్తిపట్టుకుని, సంచులు నెత్తిన పెట్టుకుని, రోడ్డు పక్క గుట్ట ఎక్కుతున్నారు. డ్రైవర్ అందరికంటే పైన ఉన్నాడు. "అమ్మా, అది మనకు కాదు! ఒడ్డుపల్లెకు!" అని నేను అరిస్తే, "ఎవలకైతేంది పెద్దమనిషీ, ఎక్కుమన్నడు కద!" అంది మమతారాణి, కొమ్మ పట్టుకుని ఆయాసపడుతూ.

సాటింపు అయింది. ఫోన్‌లో చప్పుడు లేదు.

"ఇన్నవారా సదానందం?"

"ఇన్న."

"మరి ఉరుకుండ్రి!"

"ఆఖరుది రాలేదు గదనే," అన్నాడు సదానందం నసుగుతూ. "ఈడ అందరు నిలవడ్డరు. గది వస్తె పోదామంటున్నరు."

"ఏది రాలే?"

"గదేనే. ఆఖరుది."

ఒడ్డుపల్లెకు గంగ వచ్చేటప్పుడు ఒక క్రమం ఉంది. డప్పు, గొంతు, ఆ తర్వాత ఆ మాట. ఆ మాట రాకపోతే అది సాటింపు కాదు, కైలాసం ఒర్రుడు. పెండ్లినాడు కూడా ఆ మాట విన్నాకే లేచారట. చెట్టు పడిన రోడ్డు మీద, టీచరు లేని అడవిలో, కైలాసం చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, మర్యాదగా అడిగాడు:

"అయిపాయెనా టీచరమ్మా?"

ఫోన్‌లో ఒక్కసారిగా ఊరు లేచింది. అడుగుల చప్పుడు, బిందె దొర్లిన చప్పుడు, "బర్రెను ఇప్పురా!" అనే కేక, పిల్లల గోల. సదానందం ఫోన్ పెట్టేయడం కూడా మరచి ఉరుకుతున్నాడు, ఆయన ఆయాసం మాకు వినబడుతోంది. మిగతా వాడలకూ ఆ ఆఖరి మాటతో సహా చెప్పాడు. అయ్యేసరికి అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

"ఊరు ఎక్కుతది," అన్నాడు. "మా అక్క పాత ఊళ్లె ఉన్నది సారూ."

ఆమె ఎవరి ఫోన్ ఎత్తుతుంది? నరేశ్‌ది. కైలాసం మస్కట్‌కు వాట్సాప్‌లో వీడియో చేశాడు. నరేశ్ ఫోన్‌లోనూ మేనమామ గొంతే పెట్టి ఉంది. అతనుండే కూలీల క్యాంపు గదిలో జగిత్యాల, నిర్మల్ పిల్లలే ఎక్కువ. మధ్యాహ్నం విశ్రాంతి వేళ. ఎడారి నడుమ గంగమ్మ ఎక్కుతున్నదని డప్పు మోగింది. నరేశ్ ఎత్తేసరికి అతని వెనక పై మంచాల నుంచి దూకుతున్న కాళ్లు కనిపించాయి.

"మామా! నిజంగనా?"

"అవ్వకు చెయ్‌రా. వీడియో చెయ్. నా పేరు చెప్పకు."

నరేశ్ తోటివాడి ఫోన్ గుంజుకుని దాంట్లో తల్లికి చేశాడు. ఆ ఫోన్ ముందు తన ఫోన్ పట్టుకున్నాడు. కైలాసం ఫోన్‌లో మస్కట్, మస్కట్‌లో ఇంకో ఫోన్, ఆ ఫోన్‌లో శంకరవ్వ. ఒడిలో చాట, చాటలో తునికాకు, వేళ్లు బీడీలు చుడుతూనే ఉన్నాయి. తల కూడా ఎత్తలేదు. ముఖం మీద ఎండ.

"అవ్వా, గుట్ట మీదికి పో. గంగ వస్తున్నది."

"ఆడు చేసిండా?"

కైలాసం తెరలో కనబడకుండా తల వంచాడు. నేనూ వంచాను, ఎందుకో తెలియదు.

"ఎవ్వలు చెయ్యలే అవ్వా."

"ఆడే చేసిండు. చెల్లె లగ్గం గుట్ట మీద చేయించిండు, ఇగ నన్నెక్కిస్తడా? కట్టలు ఒప్పజెప్పాలె బిడ్డా, ఇయ్యాల ఆఖరు."

నరేశ్ తెరకు దగ్గరగా జరిగాడు. ఆమె వెనక పాలు కాచే దాలి పొయ్యి, దాలి వెనక గడ్డి, గడ్డి వెనక గంగ. శంకరవ్వ వెలుతురు కోసం దానికి వీపు పెట్టి కూర్చుంది.

"అవ్వా, నీ వెనుక బట్టలుతికే బండేది?"

"ఆడనే ఉన్నది. యాడికి పోతది?"

"ఆడ లేదవ్వా."

వేళ్లు ఆగాయి. శంకరవ్వ మెల్లగా వెనక్కి తిరిగింది. అందరికంటే దూరంగా ఉన్నవాడికి కనిపించిన గంగ ఆమెకు అప్పుడు కనిపించింది. బండ ఉండవలసిన చోట ఎర్రనీళ్లు మెలితిరుగుతున్నాయి. నాకూ కనిపించింది. ఆ నీళ్లకు మస్కట్ దాకా పోయి మళ్లీ మా అడవికి వచ్చేంత తీరిక ఎక్కడిదో అనిపించింది. తర్వాత తెరంతా ఆకాశం, చీర కొంగు, మేక అరుపు. ఫోన్ ఆగిపోయింది.

"పోయింది మామా. ఎత్తుతలేదు," అన్నాడు నరేశ్.

ఆ తర్వాత మేం చేయగలిగింది ఏమీ లేదు. కైలాసం పడిపోయిన టేకు మీద కూర్చున్నాడు. చేతిలో ఫోన్ ఉంది. అక్కకు చేస్తే పోదు. ఊరికి చేస్తే గుట్ట దిగుతారో ఇంకో గుట్ట ఎక్కుతారో తెలియదు. ఫోన్‌ను నా చేతిలో పెట్టాడు. "మీతానుంచుండ్రి సారూ. నాతానుంటే నొక్కుత." బస్సువాళ్లు ఇంకా గుట్ట మీదే ఉన్నారు. దిగమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ముసలమ్మ సద్ది విప్పింది.

అప్పుడు నా ఫోన్ మోగింది. తెలియని నంబరు కాదు, ఇందాక రెండుసార్లు మేం చేసిందే.

"ఎవలయ్యా నువ్వు?" అంది ఆడగొంతు, ఆయాసపడుతూ. "రెండుసార్లు మిస్డ్ కాల్ ఇచ్చినవ్."

మిస్డ్ కాల్‌కు తిరిగి చేయకుండా ఉండలేని ప్రాంతం అది. గల్ఫ్ ఫోన్లు మిస్డ్ కాల్‌తోనే బతికిన రోజుల నుంచి వచ్చిన అలవాటు. మునిగే ఇంటిని వదిలి వచ్చిన మనిషికి గుట్ట ఎక్కగానే గుర్తొచ్చింది అదే.

"అమ్మా, నేను దారిన పోయేవాణ్ణి. మీ తమ్ముడు కైలాసం నా ఫోన్ నుంచి చేశాడు."

"ఆనికియ్యి," అంది.

ఇచ్చాను. కైలాసం లేచి నిలబడి, చెవికి పెట్టుకున్నాడు. ఆమె గొంతు నాకూ వినబడేంత పెద్దది. ఆ ఇంట్లో గొంతుకు కొదువ లేదు.

"ఎండకాలంల ఊరంతా ఉరికిచ్చినవ్. రెండేండ్ల సంది ఒక్కసారి నాకు ఫోన్ చేసినవారా?"

"బ్లాకుల వెట్టినవు గదక్కా."

"వెడ్తే? గిట్ల ఇంకొకల ఫోన్ నుంచి చెయ్యరాదా? గింత తెలివి ఇయ్యాల్నే వచ్చిందా?"

కైలాసం చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. వాన ఆగి చాలాసేపైంది.

"గుట్ట మీదున్నవా?"

"గుట్ట మీద గాకుంటె దూలం మీదున్ననా? ఊరంత ఈడనే ఉన్నది. నీళ్లు దాలి దాటినయ్. మేక వచ్చింది, చాట వచ్చింది, ఆకు తడిసింది. నీ పెండ్లం గీడనే ఉన్నది, ఎల్లిగడ్డ తెస్తున్నవా అని అడుగుతున్నది."

"చింతపండు గాదా?"

"ఏందిరా?"

"ఏం లేదక్కా. చెప్పు."

ఆమె చెబుతోంది. రెండేళ్లవి చెప్పాలి కాబట్టి మొదటి నుంచి మొదలుపెట్టినట్టుంది. కైలాసం వింటూ, ఊ కొడుతూ, పంచె ఎగ్గట్టి టేకు మాను మీదికి ఎక్కాడు. అటువైపు దూకాడు. ఆటోవాడు జన్నారం, జన్నారం అని అరుస్తున్నాడు.

"కైలాసం, ఫోన్!" అన్నాను. వినలేదు. నా ఫోన్ ఆయన చెవి దగ్గర, ఆయన ఫోన్ నా చేతిలో. ఒక ఊరు మొత్తం అందులో ఉంది. పొరపాటున తగులుతుందేమోనని వేళ్లన్నీ మడిచి, ఒక్క చూపుడువేలితో జాగ్రత్తగా నా నంబరే కొట్టాను. ఎంగేజ్ వచ్చింది. కైలాసం నావైపు ఒక్కసారి కూడా తిరగకుండా, "ఆఁ అక్కా, ఆఁ, తర్వాత?" అంటూ ఆటో దాటి, రోడ్డు దిగి, మలుపులో నడుచుకుంటూ పోయాడు.